రెండో రాడ్డు లేని జీపు జీపేనా?

విజయనగరంలో మనిషి పరపతి కొలిచే పద్ధతి మారిపోయింది. ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా స్థలాలు, బంగారం, అబ్బాయి ప్యాకేజీ అంటూ పాత లెక్కల్లోనే ఉన్నారు. ఇప్పుడు చూసేది ఒకటే. ఇంటి ముందు పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉందా, ఉంటే అందులో గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉందా, ఉంటే అది కంపెనీదా, కస్టమా? కంపెనీదే అన్నారనుకోండి, టీ ఇస్తారు గానీ బిస్కెట్టు ఇవ్వరు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ చిన్న రాడ్డు కదిపేది ట్రాన్స్‌ఫర్ కేసుని. ట్రాన్స్‌ఫర్ కేసు అంటే గేర్‌బాక్సు వెనకాల ఉండే ఇంకో ఇనప డబ్బా. ఇంజను బలాన్ని వెనక చక్రాలకే పంపాలా, ముందు వాటికీ పంచాలా, పంచితే మామూలు వేగంతోనా, లేక వేగం బాగా తగ్గించి లాగుడు రెండు రెట్ల పైకి పెంచా అన్నది తేల్చేది అదే. 2హెచ్ (వెనక చక్రాలకే), 4హెచ్ (నాలుగింటికీ, మామూలు వేగం), ఎన్ (న్యూట్రల్, దేనికీ లేదు), 4ఎల్ (నాలుగింటికీ, తగ్గించిన వేగం) అని నాలుగు స్థానాలు. మన ఊళ్లో వాడుకలో ఉన్నది మొదటిది. మిగతా మూడూ నాబ్ మీద చెక్కించుకోడానికి.

దీనికి చరిత్ర కూడా ఉందండోయ్. 1941 నాటి విల్లీస్ జీపులో నేల మీంచి మూడు రాడ్లు లేచి ఉండేవి: గేర్లకొకటి, ముందు ఇరుసు కలపడానికొకటి, హై-లో, అంటే మామూలు వేగం, తగ్గించిన వేగం మార్చడానికొకటి. యుద్ధం అయిపోయి జీపులు సంసారుల చేతికొచ్చాక, ఇన్నెందుకులే అని తర్వాతి మోడళ్లలో చివరి రెండింటి పనీ ఒకే రాడ్డుకి అప్పగించారు. ఇంజనీర్లు బుర్ర పెట్టి తీసేసిన ఆ రాడ్డుని మనం లేతు మిషను దగ్గర డబ్బులు పోసి మళ్లీ పెట్టించుకుంటున్నాం. అభివృద్ధి అంటే ఇదే కదా.

పైగా కేసు లోపల రెండు షిఫ్టు రాడ్ల మధ్య మాత్రంత ఇనప ముక్క ఒకటి కాపలా ఉంటుంది. ముందు ఇరుసు కలవకుండా లో గేరు పడనివ్వకపోవడం దాని ఉద్యోగం, ఎందుకంటే లో గేరులో పెరిగిన బలమంతా వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడితే అది విరిగే ప్రమాదం ఉంది. రెండు రాడ్లు విడివిడిగా ఆడాలంటే ఆ ముక్కని పీకెయ్యాలి, లేదా అరగదియ్యాలి. పీకేస్తే ఒక లాభం నిజంగానే ఉంది. ఇరుకు చోట ట్రైలరు వెనక్కి తోసేటప్పుడు ముందు చక్రాలు పట్టేయకుండా లో గేరులో నెమ్మదిగా తిప్పుకోవచ్చు. మన పట్టణంలో ట్రైలరు ఉన్న జీపు ఎవరికైనా కనిపిస్తే చెప్పండి, వెళ్లి చూసొద్దాం.

అసలు కస్టమ్ రాడ్డు అవసరం ఎందుకొస్తుందో చెప్పకపోతే అన్యాయం. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కితే కాస్త అటూ ఇటూ కదులుతాయి. కొన్ని బండ్లలో రాడ్డు బ్రాకెట్టు మాత్రం బాడీకి బిగించి ఉంటుంది, అది కదలదు. కదిలేదానికీ కదలనిదానికీ మధ్య, రాడ్డుని కేసుకి కలిపే లింకేజి కీళ్లలో ఉండే తొడుగుల్లాంటి బుష్‌లు అరిగిపోయాయా, చక్కగా ఎత్తు ఎక్కుతున్న బండి లో గేరులోంచి టక్కున న్యూట్రల్‌కి జారుతుంది. బాడీ ఎత్తు పెంచినవాళ్ల సంగతి ఇంకా చిత్రం, లింకేజి కోణం మారిపోయి 4ఎల్ దాకా రాడ్డు అసలు చేరదు. మందులు మూడున్నాయి. బాడీతో సంబంధం లేకుండా రాడ్డుని సరాసరి కేసు మీదే నిలబెట్టడం ఒకటి, ఇనప లింకులు తీసేసి కేబుల్ వేయడం ఇంకొకటి. మూడోది అరిగిన బుష్‌లూ మౌంట్లూ మార్చడం. ఇది చాలా బండ్లకి సరిపోతుంది, చవగ్గా అయిపోతుంది, అందుకే దీన్ని ఎవరూ ఒప్పుకోరు. బుష్ బండి కింద ఉంటుంది. పక్కింటాయన వంగి చూడడు కదా.

సాలూరు లారీల మధ్య చెయ్యి తిరిగిన ఒక మేస్త్రి ఈ మాటే అన్నాడట, "బాబూ, ఈ రాడ్డుకేటీ అవ్వలేదు, బుస్సులు పోయినాయి, మార్సీసి ఒగ్గీండి." మర్నాడే ఆ బండి వేరే షెడ్డుకి మారిపోయింది. నిజాయితీకి మార్కెట్టు లేదని ఊరికే అంటారా!

ఇక రాడ్డు పొడవు. లివరు సూత్రం విజయనగరం వాళ్లకి ఒకరు నేర్పాలా, ఏటా పైడితల్లమ్మ జాతరలో అంతెత్తు చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి మూడు లాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పే ఊరిది. పివట్, అంటే రాడ్డు ఆనుకుని తిరిగే చోటు, అక్కడి నుంచి కింది కొస 5 సెంటీమీటర్లు, పై కొస 25 అయితే చేతి బలం అయిదింతలవుతుంది, బదులుగా చెయ్యి అయిదింతల దూరం జరగాలి. లోపల 2 సెంటీమీటర్లు కదలాలంటే నాబ్ 10 కదలాలన్నమాట. మనవాళ్లకి మాత్రం పొట్టి రాడ్డే స్టైలు. పై భాగం సగానికి కోయించి, అది కదలకపోతే జిమ్ముకి వెళ్తారు.

ట్రయల్ ఎక్కడ వేస్తారంటే మయూరి జంక్షన్‌లో, ఎండగాసిన గట్టి రోడ్డు మీద. ఈ పాత కేసుల్లో ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, కానీ రెండు ఇరుసులనీ ఒకే వేగానికి కట్టేశాం. మట్టిలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, షాఫ్టులన్నీ మెలిపడి బిగుసుకుంటాయి, 4హెచ్‌లోంచి రాడ్డు ఊడి రాదు. కొంచెం వెనక్కి పోనిస్తే దానంతటదే వదులవుతుంది, కానీ అప్పటికే ఓనరు దిగి వెల్డరుకి ఫోన్ చేసేసి ఉంటాడు. వెన్నలా పడుతోంది, వెన్నలా వస్తోంది అని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల బండ్లలో ముందు చక్రాల్ని ఇరుసుకి కలిపే హబ్బులు లాక్ చేసి ఉండవు, ముందు చక్రాలకి ఏమీ అందడం లేదు, కాబట్టి ఏ గొడవా లేదు. నా దృష్టిలో ఫోర్ వీల్ వాడే ఉత్తమ పద్ధతి ఇదే. టెన్షన్ లేదు.

కొండల మాటంటారా. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయినప్పుడు ఏజెన్సీ కొండలు చాలామటుకు అటు వెళ్లిపోయాయి, కస్టమ్ రాడ్ల జీపులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. విభజనలో ఇలాంటి అన్యాయాలు తప్పవు. కొండమీది ఊళ్ల నుంచి నెలలు నిండిన మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చారని పేపర్లో ఫొటో పడినప్పుడల్లా మన గ్రూపుల్లో కదలిక వస్తుంది. ఆ దారి ఎక్కడ గురూ, ట్రాక్ అదిరిపోయింది, ఆదివారం ఓసారి వేసొద్దాం అంటారు. ఆదివారం చింతపల్లి బీచి దాకా వెళ్లి, పార్కింగులో ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఇసుకలోకి దిగరు, ఉప్పు పడితే రాడ్డు తుప్పు పడుతుంది కదా.

చట్టం సంగతి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆర్సీలో రాడ్డు పొడవుకి గడి ఉందా అంటే లేదు. ఇది ప్రభుత్వ నిర్లక్ష్యమే. పదిహేనేళ్లు దాటిన బండికి రెన్యువల్ చేయించేటప్పుడు రాడ్డు ఫొటో కూడా ముందూ వెనకా తీసి జతపరచమని అడగాలని నా డిమాండ్.

ఇక ఇంట్లోవాళ్ల కోణం. రాడ్డు పెట్టాక దాన్ని రోజూ క్రమం తప్పకుండా వాడేది ఇంటావిడే, రైతుబజారు నుంచి వచ్చేటప్పుడు కూరగాయల సంచి తగిలించడానికి. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు, సాంకేతిక సమస్య ఉంది. రాడ్డుని స్థానంలో పట్టి ఉంచేది లోపలి చిన్న బాల్, దాని వెనక స్ప్రింగు. స్ప్రింగు అలసిపోయి, రాడ్డు పొడుగ్గా ఉండి, సంచిలో గుమ్మడికాయ ఉంటే, స్పీడ్ బ్రేకరు దగ్గర బండి న్యూట్రల్‌కి జారిపోవచ్చు. కాబట్టి సొరకాయ, గుమ్మడికాయ తెచ్చే ఇళ్లవాళ్లు గట్టి స్ప్రింగు వేయించుకోండి, ఆకుకూరలతో సరిపెట్టుకునేవాళ్లకి పాతది చాలు.