“ఓనర్లకు పట్టదు” అన్న మెసేజ్‌కు జవాబు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తరచూ తిరిగే వాదన ఒకటుంది. దాని సారాంశం: “ఓనర్లకు అసోసియేషన్ పట్టదు. మీటింగ్ పెడితే పదిమంది రారు, కోరం (మీటింగ్ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) లేక ఏదీ తేలదు. కాబట్టి నిర్ణయాలు వాట్సాప్‌లో తీసుకుందాం. అద్దెకిచ్చి దూరంగా ఉన్నవాళ్ళతో మనకు పనిలేదు. బాకీలు కట్టనివాళ్ళకు నీళ్ళు ఆపేద్దాం. మిగతాదంతా మెయింటెనెన్స్ కంపెనీకి అప్పగిద్దాం.”

కమిటీల్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేసి విసిగిపోయినవాళ్ళు దీన్ని పంచుకుంటారు. వాళ్ళ విసుగు న్యాయమైనదే. వాదన మాత్రం నిలవదు.

“ఓనర్లకు పట్టదు”

లిఫ్ట్ రెండు రోజులు ఆగినా, ఏప్రిల్‌లో బోరు ఎండినా ఇదే ఓనర్లు సెల్లార్ నిండా చేరతారు. పట్టకపోతే చేరరు. మీటింగ్‌కు రాకపోవడానికి కారణం చాలాసార్లు నోటీసులోనే ఉంటుంది: “ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం), ఆదివారం 11 గంటలకు. అజెండా: 1. లెక్కలు 2. ఇతర విషయాలు.” ఇందులో ఓనరు తేల్చాల్సింది ఏముంది? కమిటీ అప్పటికే నిర్ణయించింది విని, చేయి ఎత్తి వెళ్ళడానికి ఆదివారం ఎవరు పాడుచేసుకుంటారు?

అజెండాలో ప్రతి అంశం జవాబు చెప్పదగ్గ ప్రశ్నగా ఉండాలి. “లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) పాత కంపెనీకే ఇవ్వాలా, మార్చాలా? రెండు కొటేషన్లు జతచేశాం.” “వచ్చే ఏడాది రంగులకు ఫ్లాటుకు ఎంత, ఎన్ని వాయిదాల్లో?” ఇలాంటివి మూడు నాలుగు చాలు.

నోటీసుతో పాటు లెక్కలు ఒక్క పేజీలో వెళ్ళాలి. 60 ఫ్లాట్లు, నెలకు 3,000 అనుకుంటే ఏడాదికి రావాల్సింది 21,60,000. అందులో వచ్చిందెంత, ఎన్ని ఫ్లాట్ల నుంచి ఎంత బాకీ అన్నది పైన రాయాలి. కింద ఖర్చులు మూడు గడుల్లో: పద్దు, పోయినేడు, ఈ ఏడు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, కామన్ మీటరు కరెంటు, ట్యాంకర్లు, డీజిల్, లిఫ్ట్, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) దేనికది విడిగా ఉండాలి. ప్రారంభ నిల్వకు వసూళ్ళు కలిపి ఖర్చులు తీసేస్తే వచ్చే అంకె మార్చి 31 నాటి బ్యాంకు నిల్వ, చేతి నగదు కలిపిన మొత్తంతో రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం దాచిన మూలనిధి), దాని ఎఫ్‌డీలు వేరే చూపాలి, నెలవారీ ఖర్చులతో కలపకూడదు.

ఎక్కువగా చెడేది ట్యాంకర్లు, డీజిల్ దగ్గరే. నగదు చెల్లించి, వోచర్ రాయక, చివరికి “ఇతర ఖర్చులు” కింద పడేస్తారు. ఆ ఒక్క పద్దు మీదే రెండు గంటలు గొడవ నడుస్తుంది, మిగతా అజెండా మూలన పడుతుంది. వచ్చేసారి నెమ్మదస్తులెవరూ రారు.

ఓనర్లను పూర్తికాలం కమిటీలోకి లాగాలని చూడటమూ పొరపాటే. మూడు నెలల పని, ముగ్గురు మనుషులు, ఖర్చుకు పరిమితి ఉదాహరణకు 10,000: ఇలా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. “నీళ్ళ మీటర్ల కొటేషన్లు తెండి” అంటే వచ్చే మనిషి “ట్రెజరర్‌గా ఉండండి” అంటే తప్పించుకుంటాడు.

“కోరం లేక ఏదీ తేలదు”

అసోసియేషన్ బైలా (నియమావళి) తెరిచి చూడండి. కోరం లేకపోతే అరగంట ఆగి, వాయిదా మీటింగ్‌లో వచ్చినవాళ్ళతోనే నడపవచ్చన్న నియమం చాలా బైలాల్లో ఉంటుంది. వాయిదా మీటింగ్ తేదీ, సమయం మొదటి నోటీసులోనే రాయాలి, అక్కడ కొత్త అంశాలు ఎత్తకూడదు. ఈ రెండూ తప్పితే తీర్మానం మీద అభ్యంతరం వస్తుంది. బైలా మార్పు లాంటి వాటికి మాత్రం ప్రత్యేక మెజారిటీ కావాలి, ఈ దారి పనికిరాదు.

“వాట్సాప్‌లో తేల్చేద్దాం”

అభిప్రాయం కనుక్కోవడానికి గ్రూపు మంచిదే. అక్కడ పెట్టే బొటనవేలు (👍) గుర్తులు మాత్రం తీర్మానం కావు. ఖాతాలో సంతకందారులను మార్చాలంటే బ్యాంకు తీర్మానం నకలు అడుగుతుంది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన అసోసియేషన్ అయితే కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. వీటికి మినిట్స్ బుక్ (మీటింగ్‌లో జరిగింది, తీర్మానాలు రాసే పుస్తకం) కావాలి. వారంలోగా మినిట్స్ అందరికీ పంపితే మీటింగ్‌కు రానివాళ్ళకూ జరిగింది తెలుస్తుంది.

“దూరంగా ఉన్నవాళ్ళతో పనిలేదు”

అద్దెకిచ్చినంత మాత్రాన సేల్ డీడ్‌లో రాసిన, స్థలంలోని అవిభాజ్య (విడదీయని) వాటా అద్దెదారుకు పోదు. ఓటు ఓనరుదే. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 19(9) సెక్షన్ అసోసియేషన్ ఏర్పాటులో పాల్గొనడాన్ని కొనుగోలుదారు బాధ్యతగానే పెట్టింది. 14(3) కింద నిర్మాణ లోపాలకు స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్ళు బిల్డరుదే పూచీ. చెమ్మ, పగుళ్ళ ఫిర్యాదులు అన్ని ఫ్లాట్ల నుంచి ఫొటో, తేదీతో ఆ గడువులోపే చేరాలి, దూరంగా ఉన్న ఓనరు ఫ్లాటులోని లోపాలతో సహా.

సమయం చూసి పెడితే వాళ్ళు చేరతారు. ఆదివారం సాయంత్రం 6:30కి ఆన్‌లైన్ లింకు ఇస్తే వేసవిలో డాలస్‌లో ఉదయం 8, లండన్‌లో మధ్యాహ్నం 2. ఉదయం 11కి పెడితే డాలస్‌లో అర్ధరాత్రి దాటుతుంది. ప్రాక్సీ (ఓనరు బదులు ఇంకొకరు వేసే ఓటు), ఆన్‌లైన్ ఓటు చెల్లాలంటే బైలాలో ఉండాలి, లేకపోతే ముందు ఆ సవరణే చేసుకోవాలి. ఇద్దరి పేర్ల మీదున్న ఫ్లాటుకు ఎవరు ఓటేస్తారో కూడా రాసుకోండి.

“బాకీదారులకు నీళ్ళు ఆపేద్దాం”

వద్దు. ఆ ఇంట్లో పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉంటారు. పైగా తగాదా బాకీ మీద నుంచి నీళ్ళు ఆపడం మీదకు మళ్ళి, కమిటీయే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. సరైన వరుస: బైలా ప్రకారం వడ్డీ, నెలవారీ వివరాలతో రాతపూర్వక డిమాండ్, లాయర్ నోటీసు, ఆపైన దావా. మూడేళ్ళు దాటిన బాకీకి కాలదోషం పడుతుంది (దావా వేసే గడువు తీరిపోతుంది), అందుకే మొహమాటపడి జాప్యం చేయకూడదు. డిమాండ్ పంపేముందు ఒకసారి తలుపు తట్టి కారణం అడగండి. చాలా బాకీల వెనక లీకేజీయో పార్కింగో, ఎవరూ పట్టించుకోని ఫిర్యాదు ఉంటుంది.

“కంపెనీకి అప్పగిస్తే చాలు”

కంపెనీ మనుషులను పెడుతుంది, పనులు చేయిస్తుంది. ఎంత ఖర్చు పెట్టాలో, ఏది ముందో నిర్ణయించాల్సింది ఓనర్లే. ఎనిమిది మంది గార్డులకు బిల్లు వేసి ఆరుగురిని పంపితే పట్టుకునేది హాజరు పుస్తకం చూసే ఓనరే. ప్రతి నెలా హాజరు పట్టీతో పాటు సిబ్బంది పీఎఫ్, ఈఎస్ఐ చలాన్ల నకళ్ళు చూశాకే చెల్లించాలి. చెక్కు మీద ఇద్దరు ఓనర్ల సంతకాలుండాలి, కంపెనీ మేనేజర్‌కు ఆ అధికారం ఇవ్వకూడదు. ఒప్పందం రద్దయితే తాళాలు, ఏఎంసీ కాగితాలు, ఎస్టీపీ లాగ్‌బుక్‌లు, బిల్లింగ్ యాప్‌లోని డేటా ఎన్ని రోజుల్లో అప్పగించాలో ఒప్పందంలోనే రాయించుకోండి.