సవరణ: తొలి రికార్డు వేరు, తొలి జాజ్ వేరు

జాజ్ అనే సంగీత శైలి గురించి మొన్న రాసిన పోస్టులో "1917లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్‌తో జాజ్ పుట్టింది" అన్న వాక్యాన్ని "జాజ్ తొలిసారి గ్రామఫోన్ రికార్డుకెక్కింది" అని చదువుకోవాలి. ఆ బ్యాండులో అందరూ తెల్లవాళ్లే. అంతకు చాలా ముందే, 1900 ప్రాంతంలో, అమెరికా నగరం న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి కళాకారుడు బడ్డీ బోల్డెన్ ట్రంపెట్ లాంటి కార్నెట్‌తో జనాన్ని ఉర్రూతలూగించాడు. 1907లో ఆయన్ను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1931లో అక్కడే పోయాడు. ఆయన వాయించిన ఒక్క రికార్డూ మనకు దక్కలేదు. రికార్డు లేదని ఆయన పేరే వదిలేయడం అన్యాయం.

ఇంకొకటి. నేటి పాప్, రాక్ పాటలకు జాజ్ ఇచ్చినవాటిలో డ్రమ్ సెట్టునూ చేర్చుకోండి. ఒక్క మనిషే పెద్ద డ్రమ్మును కాలితో, మిగతావాటిని చేతులతో వాయించే పద్ధతి ఆ తొలితరం బృందాల్లోనే రూపు దిద్దుకుంది.