కదలని జీతం, కదిలే వడ్డీ

జీతం జమ అయినట్టు నెల మొదట్లో ఫోనుకు ఒక సందేశం వస్తుంది. వారం తిరగకముందే ఇంటి అప్పు వాయిదా మినహాయించుకున్నట్టు మరొకటి వస్తుంది. వడ్డీరేట్లతో పాటు ఒకే ఏడాదిలో రెండో అంకె పలుమార్లు పెరిగినా మొదటి అంకె ఉన్నచోటే ఉండిపోయిన కుటుంబాలకు ద్రవ్యోల్బణం అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. అయినా ధరలు మండిన ప్రతిసారీ, జీతాలు పెంచితే ధరలు మరింత ఎగబాకుతాయని, ఉద్యోగులే కొంత ఓర్చుకోవాలని హితవు చెప్పేవారికి కొదవ లేదు. ఆ హితవు పూర్తిగా నిరాధారమని మేము అనడం లేదు, కానీ ఈనాటి పరిస్థితికి అది సరిపోదన్నది మా నిశ్చితాభిప్రాయం.

నిరుద్యోగం తగ్గిన కాలంలో వేతనాలు వేగంగా పెరుగుతాయని బ్రిటన్‌కు చెందిన 1861–1957 మధ్యకాలపు లెక్కలతో 1958లో ఆర్థికవేత్త ఎ.డబ్ల్యు. ఫిలిప్స్ చూపించారు. 1970లలో చమురు ధరలు భగ్గుమన్నప్పుడు ధరల వెంట జీతాలు, జీతాల వెంట ధరలు పరుగుతీశాయి. ఆ పరుగును ఆపడానికి పాల్ వోల్కర్ నాయకత్వంలోని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 1981లో కీలక వడ్డీరేటును 20 శాతం దరిదాపులకు తీసుకెళ్లింది; 1982 చివరికి అక్కడ నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. కేంద్ర బ్యాంకులు వేతనాల పెరుగుదలను నేటికీ అనుమానంగా చూడటం వెనుక ఆ చేదు జ్ఞాపకం ఉంది.

అయితే ఆ తర్వాత కాలం మారింది. కార్మిక సంఘాల బలం తగ్గింది, బేరమాడే శక్తి యజమానుల వైపు ఒరిగింది. 2019 చివర్లో అమెరికాలో నిరుద్యోగం 3.5 శాతానికి దిగివచ్చినా ద్రవ్యోల్బణం ఫెడరల్ రిజర్వ్ పెట్టుకున్న 2 శాతం లక్ష్యాన్ని సైతం అందుకోలేదు. జపాన్‌లోనైతే జీతాలు దశాబ్దాల తరబడి స్తంభించి, గిరాకీ చప్పబడి, 2016లో కేంద్ర బ్యాంకు వడ్డీరేటును సున్నా కంటే దిగువకు తీసుకెళ్లాల్సి వచ్చింది. 2024 వసంతకాలపు వేతన చర్చల్లో పెద్ద సంస్థలు 5 శాతానికి పైగా పెంపునకు అంగీకరించాకే, ఆ ఏడాది మార్చిలో, ఆ రేటుకు తెరపడింది.

చౌక వడ్డీకి మరో ముఖం ఉంది. జీతం తీర్చలేని అవసరాన్ని అప్పు తీరుస్తుంది, అదే చౌక అప్పు ఇళ్ల ధరలను పైకి తోస్తుంది, దాంతో తర్వాత కొనేవారు ఇంకా పెద్ద అప్పు చేయాల్సి వస్తుంది. జీతాలు ఏటా బాగా పెరిగే రోజుల్లో పాత వాయిదా కొన్నేళ్లకే తేలికైపోయేది. పెరగని చోట ఇరవయ్యేళ్లయినా దాని బరువు తగ్గదు.

ఆ స్థితిలో ఉన్న కుటుంబాల మీదే 2022 వచ్చిపడింది. ఆ జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి, అక్టోబరులో యూరో దేశాల్లో 10.6 శాతానికి చేరింది. సరఫరాల్లో అంతరాయాలు, ఇంధన ధరలు అందుకు ప్రధాన కారణాలు కాగా, జీతాలు వెనకబడే ఉన్నాయి. 2022 తొలినాళ్ల నుంచి యూరప్‌లో పెరిగిన ధరల్లో దాదాపు సగభాగం సంస్థల లాభాలదేనని అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆర్థికవేత్తలు 2023లో లెక్కకట్టారు. మందు మాత్రం పాతదే. 2022 మార్చిలో సున్నాకు చేరువగా ఉన్న అమెరికా వడ్డీరేటు 2023 జులైకల్లా 5.25–5.50 శాతానికి ఎక్కింది. వడ్డీ పెంచితే గిరాకీ తగ్గుతుందే తప్ప గ్యాసు, చమురు కొత్తగా పుట్టుకురావు.

ఒక చిన్న లెక్క చూద్దాం. వంద వచ్చే జీతం 2 శాతం పెరిగి, ధరలు 5 శాతం పెరిగితే, చేతికొచ్చే 102తో కొనగలిగేది నిరుడు 97తో కొన్నంతే. మరుసటి ఏడాది రెండూ 2 శాతమే పెరిగాయనుకుంటే ద్రవ్యోల్బణం అదుపులోకి వచ్చిందని ప్రకటిస్తారు, ఆ కుటుంబం కోల్పోయిన మూడు మాత్రం తిరిగి రావు. వాటిని రాబట్టుకోవడానికి అడిగే పెంపును ధరలకు నిప్పుగా చిత్రించడం అన్యాయం. ఉత్పాదకత 2 శాతం పెరిగిన చోట జీతం 4 శాతం పెరిగినా, ఒక్కో వస్తువుపై పడే కూలి ఖర్చు పెరిగేది సుమారు 2 శాతమే. సాధారణంగా కేంద్ర బ్యాంకులు పెట్టుకున్న లక్ష్యం కూడా అంతే.

వడ్డీరేటు పెంచుతున్నట్టు ప్రకటించే ప్రతిసారీ, ఆ ధరల పెరుగుదలలో వేతనాల వాటా ఎంత, లాభాల వాటా ఎంత, దిగుమతుల వాటా ఎంత అన్నది కేంద్ర బ్యాంకులు విడివిడిగా ప్రజల ముందుంచాలని మేము కోరుతున్నాం. ధరలు 2 శాతానికి మించి పెరిగితే కనీస వేతనం దానంతటదే పెరిగే ఏర్పాటు ఫ్రాన్స్‌లో చిరకాలంగా ఉంది. అలాంటి రక్షణ లేని ప్రభుత్వాలు, వడ్డీ పెంపు ఊసెత్తే ముందే దాన్ని చట్టంలో చేర్చాలి.