‘ఇక చాలు సార్’ అని చెప్పే ధైర్యం బార్‌టెండర్‌కి ఎక్కడి నుంచి రావాలి?

మాట తడబడుతూ, కౌంటర్ పట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకో పెగ్గు అడిగితే పోయకూడదని బార్‌టెండర్‌కి తెలియదా? తెలుసు. కానీ టిప్పుల మీదే బతుకు, పైగా ఈ రాత్రి ఎంత అమ్మావని మేనేజర్ లెక్క అడుగుతాడు. ఇంత టెన్షన్‌లో ఉన్నవాడి నెత్తిన మొత్తం బాధ్యత పెట్టి, గోడ మీద ‘బాధ్యతగా తాగండి’ అని బోర్డు తగిలిస్తే పని అయిపోదు.

అసలు తూలడం మొదలయ్యాక ఆపడమే ఆలస్యం. పొట్టలో ఉన్న మద్యం రక్తంలోకి చేరడానికి టైం పడుతుంది కాబట్టి చివరి గుక్క తర్వాత కూడా అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు మత్తు పెరుగుతూనే ఉంటుంది. లివర్ మాత్రం గంటకి సుమారు ఒక డ్రింక్‌నే కరిగించగలదు, కాఫీ తాగించినా చన్నీళ్లు పోసినా ఆ వేగం పెరగదు. అందుకే జాగ్రత్త మొదటి గ్లాసు నుంచే ఉండాలి: కొలిచి పోయాలి, అడక్కుండానే మంచినీళ్లు పెట్టాలి, తినడానికి ఏదైనా దొరికేలా వంటగది త్వరగా మూసేయకూడదు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని ఊరించి గబగబా తాగించే ఆఫర్లయితే నా దృష్టిలో పూర్తిగా పోవాలి.

ఇదంతా జరిగే పనేనా అంటే, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగింది. అక్కడ 1996లో మద్యం వల్ల జరిగే హాని తగ్గించడానికి ‘స్టాడ్’ అనే ప్రాజెక్టు మొదలైంది. బాగా తాగినట్టు నటించేవాళ్లను బార్లకి పంపి చూస్తే ఆ ఏడాది బార్‌టెండర్లు 5 శాతం సార్లే మందు పోయడానికి ఒప్పుకోలేదు. 1999కి అది 47 శాతం, 2001కి 70 శాతం అయింది. ప్రాజెక్టు నడిచిన ప్రాంతంలో హింసాత్మక నేరాలు 29 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు. సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చి వదిలేయలేదు వాళ్లు, బార్ల యజమానులనీ లైసెన్సులిచ్చే అధికారులనీ పోలీసులనీ ఒకచోట కూర్చోబెట్టారు, తనిఖీలు పెంచారు.

కాదనడంలోనూ ఒక పద్ధతి ఉంది. నలుగురిలో ‘నువ్వు తాగేశావ్’ అంటే గొడవే, పక్కకి పిలిచి మెల్లగా చెప్పాలి, కూడా వచ్చిన స్నేహితుడి సాయం తీసుకోవాలి. తర్వాత బౌన్సర్‌తో రోడ్డు మీదకి నెట్టించడం కాదు, క్యాబ్ ఎక్కేదాకా చూడాలి.

ఆ సమయంలో మేనేజర్ వచ్చి తన మనిషి పక్కన నిలబడాలి. కస్టమర్ అరిచాడని ‘సరే, ఇంకొక్కటి ఇచ్చేయ్’ అన్నాడా, ఆ కుర్రాడు మళ్లీ ఎవరినీ ఆపడు.