అన్నీ అదే చూసుకుంటుంది సార్!

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు (స్లీప్ ఆప్నియాకు) వాడే సీప్యాప్ మెషిన్ కొనబోయే మనిషికి పైసా ఖర్చు లేకుండా దొరికేది ఒక్కటే: "ఇది ఆటో మోడల్ సార్, అన్నీ అదే చూసుకుంటుంది" అనే వాక్యం. ఆ మాట అనేటప్పుడు అమ్మేవాడి ముఖంలో కనిపించే ప్రశాంతత ఏళ్ల తరబడి తపస్సు చేసినవాళ్లకు కూడా అబ్బదు. ఎదురుగా కూర్చున్నవాడి పరిస్థితి వేరు. నిద్ర పరీక్ష రిపోర్టులో ఏహెచ్ఐ 38 అని ఉంటుంది. అంటే గంటకు 38 సార్లు ఊపిరి ఆగిపోవడమో సన్నబడిపోవడమో జరుగుతోందని ఆయనకు అప్పుడే తెలిసింది. 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం అని కూడా అప్పుడే తెలిసింది. బిక్కచచ్చి ఉన్న ఆ సమయంలో "అన్నీ అదే చూసుకుంటుంది" అని ఎవరైనా అంటే నమ్మక ఏం చేస్తాడు?

కాబట్టి ఆ "అది" ఎవరో, ఏమేం చూసుకుంటుందో గౌరవపూర్వకంగా విచారిద్దాం.

పెట్టెలో ఉన్నది ఒక చిన్న మోటారు, దానికో ఫ్యాను, గాలిని కొలిచే సెన్సర్లు, కొంత ప్రోగ్రాము. గదిలోని గాలిని లాగి గొట్టంలోంచి ముక్కులోకి తోస్తుంది. నిద్రలో కూలిపోయే గొంతు ఆ ఒత్తిడికి తెరుచుకుని ఉంటుంది. 1981లో సిడ్నీలో డాక్టర్ కొలిన్ సల్లివన్ బృందం ఈ చికిత్సను లోకానికి చెప్పిన తొలి రోజుల్లో వాక్యూమ్ క్లీనర్ మోటారును తిరగేసి వాడారు, మాస్క్‌ను రోజూ రాత్రి ముక్కుకు జిగురుతో అంటించారు. అప్పటినుంచి ఇప్పటివరకు విజ్ఞానం సాధించిన ప్రగతిని బ్రోషర్లో మొదటి పేజీలోనే చూడవచ్చు: రంగుల టచ్ స్క్రీన్. కళ్లు మూసుకుని వాడే యంత్రానికి రంగుల తెర! రెండో పేజీలో 27 డెసిబెల్స్, అంటే గుసగుస కన్నా తక్కువ శబ్దమట. మాస్క్ అంచునుంచి గాలి చీల్చుకుపోయేటప్పుడు వచ్చే బుసబుస ఎన్ని డెసిబెల్సో ఏ పేజీలోనూ ఉండదు. పక్కన పడుకున్నవాళ్లను లేపేది అదే.

సరే, ప్రెషర్. అవసరాన్నిబట్టి ప్రెషర్‌ను తానే మార్చుకునే ఆటో మెషిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు కనిష్ఠం 4, గరిష్ఠం 20 అని ఉంటుంది. సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో కొలత ఇది. ఆ రెండూ యంత్రం చేయగలిగే పనికి హద్దులు. వాటినే రోగికి మోతాదుగా వదిలేయడమంటే "రోజుకు నాలుగు నుంచి ఇరవై మాత్రల దాకా, ఎన్ని తోస్తే అన్ని" అని చీటీ రాయడమే. ఏ డాక్టరైనా అలా రాస్తే మందుల దుకాణంవాడు కూడా నవ్వుతాడు. ఇక్కడ ఎవరూ నవ్వరు, "అది" చూసుకుంటుంది గనక.

చూసుకోదని కాదు. తన పద్ధతిలో చూసుకుంటుంది. ఊపిరి సన్నబడ్డాకో, గురక మొదలయ్యాకో, ఆగిపోయాకో మెల్లగా ప్రెషర్ పెంచుతుంది. మీ గొంతుకు 11 కావాలనుకోండి. 4 దగ్గర్నుంచి అక్కడికి ఎక్కేలోపు జరగాల్సినవి జరిగిపోతాయి. కాసేపు బాగుంటే దిగుతుంది, దిగగానే గొంతు మూసుకుంటుంది, మళ్లీ ఎక్కుతుంది. పైగా 4 దగ్గర చాలామంది పెద్దవాళ్లకు గాలి చాలదు. రెండో నిమిషంలోనే ఉక్కిరిబిక్కిరై మాస్క్ పీకేస్తారు. దీనికి తోడు ర్యాంప్ అని ఒక మర్యాద ఉంది. ప్రెషర్ ఒక్కసారిగా కొట్టకుండా 45 నిమిషాల దాకా తీసుకుని నెమ్మదిగా పెరుగుతుంది. పడుకున్న ఐదు నిమిషాలకే నిద్రపోయే ఆప్నియా మనిషి మిగతా 40 నిమిషాలూ అరకొర చికిత్సతోనే నిద్రపోతాడు, అంత మర్యాదగా!

చేయాల్సింది చిన్న పని. ల్యాబ్‌లో టైట్రేషన్ (మీకెంత ప్రెషర్ కావాలో నిద్రలో పరీక్షించి తేల్చడం) జరిగి ఉంటే కనిష్ఠాన్ని ఆ అంకెకు దగ్గరగా పెట్టించుకోవాలి. జరగకపోతే వారం పది రోజుల డేటాలో 95వ పర్సంటైల్ ప్రెషర్ (అంటే 95 శాతం సమయం మెషిన్ ఏ అంకె దాటకుండా నడిచిందో అది) ఎంతో చూసి (కొన్ని కంపెనీలు 90వది చూపిస్తాయి), కనిష్ఠాన్ని దానికి రెండు మూడు సెంటీమీటర్ల దిగువకు డాక్టర్ చేత పెంచించుకోవాలి. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ను 1 నుంచి 3 మెట్ల దాకా తగ్గించే సౌకర్యం ఉంటుంది. ఒక కంపెనీ దాన్ని ఈపీఆర్ అంటుంది, ఇంకొకటి సీ-ఫ్లెక్స్ అంటుంది. హాయిగానే ఉంటుంది గానీ, కొందరికి ఆ తగ్గిన చోటే గొంతు మళ్లీ మూసుకుంటుంది. అలాంటివాళ్లకు కనిష్ఠం ఇంకాస్త పెరగాలి. మొత్తం కలిపి పావుగంట పని. ఆ పావుగంటకు బిల్లు వేసే ఉపాయం ఇంకా ఎవరికీ తట్టలేదు గనక జరగదు.

అలాగని ఆటో మానేసి, ఒకే ప్రెషర్ మీద నడిచే ఫిక్స్‌డ్ కొనకండి. ఆటోను ఒకే ప్రెషర్ మీద నడపవచ్చు, ఫిక్స్‌డ్‌ను మాత్రం ఆటోగా మార్చలేరు.

ఇక మాస్క్ ధారణ మహోత్సవానికి వద్దాం. యంత్రం గురించి ముప్పావుగంట ఉపన్యాసం అయ్యాక, ఆఖరి మూడు నిమిషాల్లో జరిగే తంతు ఇది. పేషెంటును కుర్చీలో నిటారుగా కూర్చోబెడతారు. కళ్లు తెరిచే ఉంటాయి, దవడ బిగిసే ఉంటుంది, మెషిన్ ఆపే ఉంటుంది. అమ్మేవాడు మాస్క్‌ను రెండు చేతులతో ఎత్తి, పట్టాభిషేకంలో కిరీటం పెట్టినంత భక్తిగా ముఖానికి ఆనించి, వెనక పట్టీలు లాగి, రెండడుగులు వెనక్కి వేసి చూస్తాడు. అద్దం ఇస్తాడు. "పర్ఫెక్ట్ సార్." పేషెంటు అద్దంలో చూసుకుంటాడు. నిజమే, పర్ఫెక్ట్. నిటారుగా కూర్చుని, కళ్లు తెరుచుకుని, గాలి లేకుండా, అద్దంలో చూసుకుంటూ నిద్రపోయేవాడికి అంతకన్నా మంచి మాస్క్ ఉండదు.

రాత్రి వస్తుంది. ఆయన పడుకుంటాడు. పడుకోగానే బుగ్గలు జారి ముఖం ఆకారం మారుతుంది. ఒత్తిగిలితే దిండు ఫ్రేమును పక్కకు తోస్తుంది. ప్రెషర్ 12కు చేరగానే ముక్కు దూలం దగ్గర సందు చేసుకుని గాలి ఎడమ కంట్లోకి కొడుతుంది. పట్టీ బిగిస్తాడు. గాలి కుడి కంట్లోకి మారుతుంది. ఇంకాస్త బిగిస్తాడు. ఇప్పుడు గాలి పై పెదవి మీదుగా పీపీ ఊదడం మొదలుపెడుతుంది. మీసం ఉంటే శ్రుతి కూడా కలుస్తుంది. ఇంకా బిగిస్తాడు. తెల్లారేసరికి ముక్కు దూలం మీద ఎర్రటి గాడి, బుగ్గల మీద పట్టీల వాతలు. దుకాణానికి ఫోన్ చేస్తే పరిష్కారం సిద్ధంగా ఉంటుంది: "కొంచెం టైట్ చేయండి సార్."

బిగిస్తే లీక్ పెరుగుతుంది మహాశయా! చాలా మాస్క్‌ల కుషన్‌లో రెండు పొరలుంటాయి. ముఖానికి ఆనే పల్చటి సిలికాన్ పొర గాలితో ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. బిగించినకొద్దీ ఆ పొర నలిగి, ముడతపడి, ముడతలోంచే గాలి దారి వెతుక్కుంటుంది. మాస్క్ చూడాల్సిన పద్ధతి ఇది: మీరు పడుకునే భంగిమలో పడుకోవాలి. మెషిన్ ఆన్ చేసి చికిత్స ప్రెషర్ దగ్గర పెట్టాలి. కొన్నింటిలో మాస్క్ ఫిట్ అనే ఐచ్ఛికం దీనికోసమే ఉంటుంది. పట్టీలన్నీ వదులు చేసి, మాస్క్‌ను ముఖం నుంచి కాస్త ముందుకు లాగి, కుషన్ గాలితో నిండాక మెల్లగా ఆనించాలి. అప్పుడు రెండు పక్కలా సమానంగా, లీక్ ఆగేంతవరకే బిగించాలి. తర్వాత రెండు వైపులా దొర్లి చూడాలి. ఎక్కడా పడుకోనివ్వని దుకాణంలో మాస్క్ కొనడమంటే నడిచి చూడకుండా చెప్పులు కొనడమే.

రకాలు మూడు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే పిల్లోస్, ముక్కును కప్పే నేసల్, ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్. "నోరు తెరుస్తారేమో, ఎందుకైనా మంచిది" అని ఫుల్ ఫేస్ అంటగట్టడం రివాజు. దాని చుట్టుకొలత పెద్దది, కాబట్టి లీకయ్యే చోట్లూ ఎక్కువే. దవడను వెనక్కి నొక్కుతుంది కూడా. చాలాసార్లు ప్రెషర్ ఎక్కువ అడుగుతుంది. ముక్కుతో ఊపిరి ఆడేవాళ్లు నేసల్‌తోనో పిల్లోస్‌తోనో మొదలుపెట్టడం మేలు. గడ్డం మీసాలున్నవాళ్లకు పిల్లోస్ బాగా కుదురుతాయి. ముక్కు ఎప్పుడూ మూసుకుని ఉండేవాళ్లు ముందు ముక్కుకు వైద్యం చేయించుకోవాలి. ఏది కొన్నా మెషిన్ మెనూలో మాస్క్ రకం మార్చాలి. ఎందుకంటే ప్రతి మాస్క్‌కీ వదిలిన ఊపిరి బయటకు పోవడానికి కావాలని పెట్టిన రంధ్రాలుంటాయి, వాటిలోంచి పోయే గాలిని మెషిన్ లీక్ లెక్కలోంచి తీసేయాలి. (ఆ రంధ్రాల మీద టేపు వేసే మేధావులున్నారు. వదిలిన కార్బన్ డయాక్సైడే మళ్లీ పీల్చుకోవాలన్న కోరిక లేకపోతే వేయకండి.) రెస్‌మెడ్ కంపెనీ మెషిన్లు ఆ గాలిని తీసేసి, నిమిషానికి 24 లీటర్లు దాటితే పెద్ద లీక్ అంటాయి. ఫిలిప్స్‌వి మొత్తం గాలినీ కలిపి చూపిస్తాయి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి కంగారుపడి లాభం లేదు.

ఇంత జరిగాక పొద్దున్నే మార్కులొస్తాయి. మెషిన్‌తో పాటు యాప్ ఉంటుంది గదా! రెస్‌మెడ్ వారి మైఎయిర్ యాప్ నూటికి మార్కులేస్తుంది. ఏడు గంటలు పెట్టుకుంటే 70. మాస్క్ లీక్ కాకపోతే 20. మాటిమాటికీ తీసి పెట్టకపోతే 5. ఇక ఏ జబ్బు కోసం ఈ సంతంతా కొన్నామో, ఆ ఊపిరి ఆగడానికి కేటాయించినవి మిగిలిన 5. గంటకు ఇరవైసార్లు ఊపిరి ఆగుతున్నా మాస్క్ కదలకుండా ఏడు గంటలు పడుకున్నవాడికి 95 దాకా వస్తాయి. ఫస్ట్ క్లాస్! అదే రోగం పూర్తిగా అదుపులో ఉండి, ఐదు గంటలే నిద్రపోయినవాడికి 80. రోగం వచ్చింది హాజరు పట్టీకి కాబోలు.

నీళ్ల సంగతి త్వరగా ముగిద్దాం. గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి, రోజూ పారబోసి కొత్తవి పోయాలి. తేమ తక్కువైతే ముక్కు ఎండి, వాచి, నోరు తెరుచుకుంటుంది. ఎక్కువై గది చల్లగా ఉంటే గొట్టంలో నీళ్లు చేరి ముక్కులోకి వస్తాయి. వేడెక్కే గొట్టం కొంటే ఆ బాధ తగ్గుతుంది. మెషిన్‌ను తలకన్నా కిందుగా పెడితే నీళ్లు వెనక్కి పోతాయి. నీళ్లుండగా మెషిన్‌ను ఎత్తి అటూ ఇటూ మార్చకండి, మోటారు తడుస్తుంది. కుషన్ మీద చేరే ముఖపు జిడ్డు సిలికాన్ పట్టును పాడుచేస్తుంది, అందుకే రోజూ గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు. ఓజోన్ శుద్ధి పెట్టెలు అంటగడితే వద్దనండి. అలాంటి ఓజోన్ పరికరాలకు గానీ అతినీలలోహిత కిరణాల పరికరాలకు గానీ సీప్యాప్ శుద్ధికి అప్పటికి తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలో చెప్పింది. సెకండ్ హ్యాండ్ మెషిన్ చౌకగా వస్తోందా? లోపలి శబ్ద నిరోధక ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని ఫిలిప్స్ 2021 జూన్‌లో లక్షల మెషిన్లను వెనక్కి పిలిచింది. మీకు చూపిస్తున్నది వాటిలో ఒకటేమో సీరియల్ నంబరుతో చూసుకోండి.

మళ్లీ గంటల లెక్కకు వద్దాం, అసలు మంట అక్కడే ఉంది. రాత్రికి నాలుగు గంటలు వాడితే "బాగా వాడుతున్నారు" అంటారు. ఆ గీత ఎక్కడిది? అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వాళ్లు మెషిన్‌కు డబ్బు కడుతూ పోవాలా వద్దా అని తేల్చుకోవడానికి వరసగా 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటలు అని పెట్టుకున్నారు. లెక్కల గుమాస్తా గీత అది. గొంతుకు దానితో ఏం పని? కలలొచ్చే ఆర్ఈఎమ్ నిద్ర ఎక్కువగా రాత్రి చివరి భాగంలో వస్తుంది. చాలామందిలో ఊపిరి ఎక్కువసేపు ఆగేదీ, ఆక్సిజన్ దారుణంగా పడిపోయేదీ అప్పుడే. పదకొండింటికి పెట్టుకుని మూడింటికి మాస్క్ పీకేసిన మనిషి తేలిక భాగానికి చికిత్స చేయించుకుని, ప్రమాదమైన భాగాన్ని గాలికి వదిలేసినట్టు. కాగితం మీద మాత్రం పాస్!

ఆయన పీకేసింది సరదాకి కాదు. కుర్చీలో కూర్చోబెట్టి తొడిగిన మాస్క్ కంట్లోకి కొడుతోంది, 4 దగ్గర గాలి ఆడటం లేదు, కడుపులోకి గాలి పోయి ఉబ్బరమవుతోంది. ఇవన్నీ సరిచేయగలిగినవే. ఎవరూ సరిచేయరు. మెషిన్‌లోని మెమరీ కార్డులో ప్రతి రాత్రి కథా నమోదై ఉంటుంది, ఒక్కరూ తెరిచి చూడరు. మూడు నెలలకు పెట్టె అటక ఎక్కుతుంది. అప్పుడు ఫైల్లో ఒక మాట రాస్తారు: "రోగి సహకరించలేదు". సహకరించనిది ఎవరయ్యా? సరిపోని మాస్క్ పెట్టి, ఫ్యాక్టరీ అంకెలు కూడా మార్చకుండా పంపేసి, మళ్లీ మొహం చూడని మీరు సహకరించారా? ఆయన రక్తపోటు అలాగే ఉంది, పగలు స్టీరింగ్ ముందు తూగుతూనే ఉన్నాడు. ఆ ఫైలు మూసేసినవాళ్లకు మాత్రం హాయిగా నిద్ర పడుతుంది!

కొనేముందు అడగాల్సినవి రెండున్నాయి. మాస్క్ నప్పకపోతే మొదటి నెలలో వేరే రకానికి మారుస్తారా? మెషిన్ ప్రతి రాత్రి ఊపిరి గ్రాఫును ఎస్‌డీ కార్డులో రాస్తుందా, లేక గంటలు మాత్రమే లెక్కపెడుతుందా? గంటలు మాత్రమే లెక్కపెట్టే మోడళ్లను అనుభవజ్ఞులు ఇటుకలంటారు. కొనకండి. కార్డు ఉంటే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మీరే చూసుకోవచ్చు. మెషిన్ వాడుతున్నా మిగిలిన ఏహెచ్ఐ 5 లోపు ఉందా, లీక్ ఏ గంటలో పెరిగింది, ఆగిన ఊపిరుల్లో గొంతు మూసుకుపోయినవెన్ని, గొంతు తెరిచే ఉన్నా ఆగినవెన్ని అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఈ రెండో రకం ఎక్కువగా కనిపిస్తే సొంతంగా ప్రెషర్ పెంచకండి, పెంచితే అవి ఇంకా ఎక్కువ కావచ్చు. ఆ రాత్రుల గ్రాఫులు ప్రింటు తీసుకెళ్లి నిద్ర వైద్యుడి బల్ల మీద పెట్టండి. యాప్ ఇచ్చిన 95 మార్కులు ఆయనకు చూపించనక్కర్లేదు.