ట్రాలీ వెనక డాక్టరమ్మ

ప్రజారోగ్యం గురించి బెంగ పెట్టుకున్న వాళ్లందరికీ ఒక శుభవార్త. ఆస్పత్రుల్లో రోగికి తప్పు మందు పడకుండా కాపలా కాయడానికి ఆరేళ్లు చదివించి మరీ ఒక మనిషిని తయారు చేస్తున్నాం. ఆ చదువు పేరు ఫార్మ్ డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ. తయారైన మనిషిని వార్డులో ఎక్కడ నిలబెట్టాలో మాత్రం ఇంకా తేలలేదు. తేల్చకుండా ఉంచడమే మంచిదని ఈ వ్యాసంలో నిరూపించదలిచాను.

2008లో ఫార్మసీ కౌన్సిల్ ఈ కోర్సు పెట్టినప్పుడు నిబంధనలు పద్ధతిగానే రాసింది. అయిదేళ్లు చదువు, ఆరో ఏడు ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగతా ఆరు నెలలు మూడు స్పెషాలిటీల్లో రెండేసి నెలల చొప్పున. ఆస్పత్రికి కనీసం 300 పడకలు ఉండాలి. తనకు అప్పగించిన వార్డులో విద్యార్థి క్లినికల్ ఫార్మసీ సేవలను 'స్వతంత్రంగా' అందించాలి. ఈ చివరి మాట నాకు చాలా నచ్చింది. స్వతంత్రంగా అంటే ఒకరి మీద ఆధారపడకుండా అనుకునేవాణ్ని. మా పాపను చూశాక, ఎవరూ పట్టించుకోకుండా అని అర్థమైంది.

పాప అంటే మా అక్క కూతురు. తిరుపతిలోనే ఒక పెద్దాసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. స్టైపెండ్ లేదు. ఫీజు మాత్రం ఉంది. డబ్బులు ఎదురిచ్చి ఉద్యోగం చేసే అవకాశం ఈ రోజుల్లో ఎంతమందికి దొరుకుతుంది?

పొద్దున తొమ్మిదికి రౌండ్స్ మొదలవుతాయి. బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లో వాహనం కదిలేటప్పుడు ఎవరి వరుస ఏదో ముందే తెలిసిపోయి ఉంటుంది చూడండి, ఇక్కడా అంతే. ముందు పెద్ద డాక్టరు గారు. ఆయన పక్కనే అసిస్టెంట్ ప్రొఫెసర్. వెనక పీజీలు, వాళ్ల వెనక హౌస్‌సర్జన్లు, తర్వాత సిస్టరు, ఆ తర్వాత కేస్‌షీట్ల ట్రాలీ. ట్రాలీ వెనక మా పాప. ట్రాలీ కాళ్లకు తగులుతుందన్న భయంతో దానికైనా అందరూ దారిస్తారు. పాపకు ఆ సౌకర్యం లేదు. అయినా అక్కడ నిలబడితే వచ్చే విద్య చిన్నదేం కాదు. ఏడుగురి భుజాల మీదుగా డాక్టరు చేతిరాత చదవడం ఏ కాలేజీ నేర్పగలదు?

రెండో వారంలోనే పాప ఒక తప్పు పట్టుకుంది. పాకాల నుంచి వచ్చిన ఒకామెకు థైరాక్సిన్ బిళ్ల, కాల్షియం బిళ్ల రెండూ పొద్దున పరగడుపునే వేసుకోమని రాసి ఉంది. రెండూ ఒకేసారి కడుపులోకి వెళితే కాల్షియం ఆ థైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. మధ్యలో కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. లేకపోతే థైరాయిడ్ అదుపులోకి రాలేదని డోసు పెంచుతారు, పెంచిన డోసుకూ కాల్షియమే అడ్డం పడుతుంది. పాప వెళ్లి ఒక పీజీ గారికి వినయంగా చెప్పింది. ఆయన అంతకంటే వినయంగా విని, "మీరు ఏ డిపార్ట్‌మెంటమ్మా?" అని అడిగారు. ఫార్మసీ అనగానే, "స్టాకు సంగతైతే సిస్టర్‌తో చెప్పండి" అని ముందుకెళ్లిపోయారు. ఆయన్ను తప్పు పట్టలేను. ముందు రోజు పొద్దున డ్యూటీ ఎక్కిన మనిషి, ఇంకా దిగలేదు.

ఇలాంటి ప్రతి సలహానూ ఇంటర్వెన్షన్ అంటారు. దానికొక ఫారం ఉంది. సలహా అంగీకరించారు, అంగీకరించారు గానీ మార్చలేదు, అంగీకరించలేదు అని మూడు గళ్లు. అసలు విననే లేదు అనే గడి లేకపోవడంతో పాప పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించిందట. ఈలోగా ఆ పేషెంటు భర్త వచ్చి, "సిస్టర్, ఫ్యాను తిరగడం లేదు" అన్నాడు. పాప వెళ్లి ఎలక్ట్రీషియన్‌కు చెప్పింది. పావుగంటలో ఫ్యాను తిరిగింది. ఆ వార్డులో ఆమె మాట మీద జరిగిన మొదటి మార్పు అదే. మే నెలలో తిరుపతి ఎండ ఎరిగినవాళ్లెవరూ అది చికిత్స కాదనరు.

మందు పడక ఒంటి మీద దద్దుర్లు వస్తే దానికి వేరే ఫారం. దేశమంతటి నుంచి ఈ ఫారాలు గాజియాబాద్ చేరే ఏర్పాటు 2010లో మొదలైన, మందుల దుష్ప్రభావాలను కనిపెట్టి చూసే కార్యక్రమం కింద జరిగింది. నారంజో స్కేలు అని పది ప్రశ్నలుంటాయి, వాటికి మార్కులు వేసి ఆ దద్దుర్లు మందు వల్లేనా కాదా అని తూకం వేస్తారు. ఇంజెక్షన్ పడిన ఒక కుర్రాడికి ఒళ్లంతా ఎర్రబడితే పాప ఫారం తీసింది. "ఎందుకమ్మా, రేపు మన మీదకే వస్తుంది" అన్నారు పక్కనున్నవారు. ఇది రాసినంత మాత్రాన ఎవరూ తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఆ ఫారంలోనే అచ్చువేసి ఉంటుంది. కానీ ఫారం చదివే అలవాటు ఫార్మ్ డీ వాళ్లకే ఉంది, మరి.

స్పెషాలిటీలకు రెండేసి నెలలే పెట్టడంలో కూడా దూరదృష్టి కనిపిస్తుంది. జనరల్ మెడిసిన్‌లో ఆరో నెలకు సిస్టర్లు పాపను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఆ మర్నాడే పోస్టింగ్ మారింది. కార్డియాలజీలో 'ఫార్మసీ అమ్మాయి' అయింది. పిల్లల వార్డులో 'సూది ఆంటీ' అయింది. ఇంతవరకూ సూది ముట్టుకుంటే ఒట్టు.

ఊపిరితిత్తుల వార్డులో మాత్రం నా వాదనకు చిన్న దెబ్బ తగిలింది, నిజాయితీగా చెప్పాలి. పీలేరు దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన ఆయాసంతో వచ్చాడు. అంతకుముందు వేరేచోట పీల్చే మందు రాసిచ్చారట, మూడు నెలలైనా గుణం లేదు. చుట్టూ నిలబడి ఇంకా పెద్ద మందు రాయాలా అని ఆలోచిస్తున్నారు. అందరూ వెళ్లిపోయాక పాప అడిగింది.

"తాతా, ఈ మందు ఎట్లా వాడతా ఉండావు? ఒకసారి చూపీ."

ఆయన క్యాప్సూల్ తీసి నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్లు తాగాడు. పీల్చే గొట్టం కొత్తది కొత్తగానే సంచిలో ఉంది. దాన్ని మనవడు ఆడుకోవడానికి అడిగితే ఇవ్వలేదట, ఖరీదైన వస్తువని.

పాప గొట్టంలో క్యాప్సూల్ పెట్టి, తిప్పి, గట్టిగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టడం నేర్పింది. రెండు రోజుల్లో తాత మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పే స్థాయికి వచ్చాడు. డిశ్చార్జి రోజున పెద్ద డాక్టరు గారికి దండం పెట్టాడు. అది న్యాయమే. దండం ఏనాడైనా ట్రాలీ వెనక్కి వెళ్లిందా?

అక్కడితో ఆగితే బాగుండేది. షుగరుకు ఇన్సులిన్ వేసుకునే అవ్వలను "పెరటాసి శనివారాలు వెంకన్నకు ఒక్కపొద్దు ఉంటావా అవ్వా?" అని కూడా అడగడం మొదలుపెట్టింది. తిండి మానేసి ఇన్సులిన్ మామూలుగా వేసుకుంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ ప్రశ్న ఏ కేస్‌షీటులోనూ లేదు. కొండ కింద ఊళ్లో కూర్చుని అడగకుండా ఎట్లా ఉంటారంటుంది. ఇలాంటివాళ్లకు వార్డులో ఒక కుర్చీ, రౌండ్స్‌లో ఒక మాట ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే నేను ప్రస్తుత ఏర్పాటును గట్టిగా సమర్థిస్తున్నాను.

మా వీధిలో వాళ్లూ నాతోనే ఉన్నారు. "మెడికల్ షాపు పెట్టుకోవడానికి ఆరేళ్లెందుకప్పా, రెండేళ్ల డిప్లొమా చాలదా?" అని మా అక్కను అడుగుతుంటారు. పెళ్లి సంబంధం తెచ్చిన పెద్దమనిషి ముందు డాక్టరని రాసుకున్నాడు, తర్వాత ఏ డాక్టరని అడిగి, వివరంగా విని, కొట్టేశాడు.

పోయిన నెల నేను అలిపిరి నుంచి నడిచి కొండెక్కాను. 3,550 మెట్లు. దిగింది బస్సులోనే అయినా మోకాళ్లు పట్టేశాయి. నేను రోజూ డైక్లోఫెనాక్ వేసుకోవడం పాప చూసింది. నా బీపీ బిళ్లల అట్ట తిప్పి చదివింది.

"మామా, ఇందులో టెల్మిసార్టాన్ ఉంది, దాంతోపాటు ఒంట్లో నీరు తీసే మందు కూడా ఉంది. వీటి మీద రోజూ ఈ నొప్పి బిళ్ల వేస్తే మూడూ కలిసి కిడ్నీని దెబ్బ తీస్తాయి. ఇది ఆపి డాక్టరుకు చూపించుకో."

"చదువు పూర్తి కానీ పాపా, అప్పుడు వింటా" అన్నాను.

సాయంత్రం మెడికల్ షాపుకు వెళ్లాను. ఎన్నడూ అడగని కుర్రాడు ఆ రోజే అడిగాడు, "డాక్టర్ చీటీ ఉందా సార్?" అని.

"చీటీ ఎందుకప్పా, మా ఇంట్లోనే డాక్టరుంది" అని చెప్పి రెండు అట్టలు తెచ్చుకున్నాను.