పసులకాపరి గుర్రమెక్కితే

1971లో కృష్ణ టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన దగ్గర్నుంచి కౌబాయ్ అంటే మనకు ఒకే బొమ్మ. ఎండకు కమిలిన తెల్లవాడు, ఒంటరివాడు, నడుముకు పిస్తోలు. అమెరికావాడికీ అదే బొమ్మ. అందుకే 2024లో అమెరికన్ నల్ల గాయని బియాన్సే అదే టోపీ పెట్టుకుని పాడితే, మా ఇంట్లోకి ఎవరో జొరబడ్డారన్నట్టు కొందరు ముఖం చిట్లించారు. ఆ రగడ అందరికీ తెలిసిందే. తెలియాల్సింది వేరే ఉంది. అమెరికన్ స్వారీ అని ప్రపంచం ముచ్చటగా చెప్పుకునే విద్యలో అసలు సరుకంతా గుర్రమెక్కే హక్కు లేనివాళ్ళు తయారుచేసిందే.

ముందు మాటల సంగతి చూద్దాం. స్పానిష్‌లో గుర్రం 'కబాయో'. దాన్నుంచి వచ్చిన 'కబాయేరో' అంటే దొర, పెద్దమనిషి. ఆవు 'బాకా'. దాన్నుంచి వచ్చిన 'బకేరో' అంటే పసులకాపరి. ఇద్దరూ కూర్చునేది గుర్రం మీదే, కానీ ఒకడికి గుర్రం పేరు పెట్టారు, ఇంకొకడికి ఆవు పేరు పెట్టారు. 1519లో స్పెయిన్ దండనాయకుడు కోర్టెస్ 16 గుర్రాలతో మెక్సికోలో దిగాడు. ఆ తర్వాత వచ్చిన స్పానిష్ పాలకులు ఆదివాసులు గుర్రం ఎక్కకూడదని చట్టం చేశారు. అయితే మందలు పెరిగాయి. వాటి వెంట ఎండలో దుమ్ములో ఎవరు తిరగాలి? కబాయేరో తిరగడు కదా. కాలిఫోర్నియాలోని క్రైస్తవ మిషన్లలో ఫాదర్లే చట్టాన్ని పక్కన పెట్టి ఆదివాసులను గుర్రాలెక్కించారు. పని ఉన్నచోట నిషేధం దానంతటదే మెత్తబడుతుంది.

ఆ బకేరో పనితనం ఎలాంటిదో ఒక్క ముచ్చట చెబుతాను. అతని తాడు పచ్చితోలు పేనింది, 60 అడుగుల దాకా ఉంటుంది. ఎద్దు కొమ్ములకు ఉచ్చు పడగానే తాడు రెండో కొసను జీను ముందుండే కొమ్ముకు చకచకా రెండు చుట్లు తిప్పుతాడు. ముడి మాత్రం వెయ్యడు. ముడివేస్తే ఎద్దు ఒక్క గుంజు గుంజగానే తోలుతాడు పుటుక్కున తెగుతుంది. చుట్టు వేస్తే కొంచెం కొంచెం జారుతూ బ్రేకులా పనిచేస్తుంది. ఆ చుట్టులో బొటనవేలు ఇరుక్కుందా, వేలు పోయినట్టే. ఈ తిప్పడాన్ని స్పానిష్‌లో 'దార్ లా వుయెల్తా' అంటారు. పక్కన నిలబడి నేర్చుకున్న ఇంగ్లీషువాడి చెవికి అది 'డాలీ' అని వినబడింది. ఇప్పటికీ అదే మాట. రోడియో, రాంచ్, లాసో, మస్టాంగ్ అన్నీ ఆ స్పానిష్ నోటి నుంచి వచ్చినవే. బకేరోనే 'బకరూ' చేసుకున్నారు. పని నేర్పినవాడి పేరు చెరిపేయొచ్చు, పనిముట్టు పేరు చెరపడం కష్టం. మన జీను, లగాము, సవారీ పారసీ నుంచి వచ్చాయని ఒప్పుకోడానికి మనకేం నామోషీ ఉంది?

టెక్సాస్‌వాళ్ళు తమ పద్ధతి తాము తయారుచేసుకున్నారు, తాడును కొమ్ముకు గట్టిగా కట్టేసి జీనుకు రెండు పటకాలు బిగించారు అంటారు కొందరు. నిజమే. స్పెయిన్‌వాడు మాత్రం పొట్టి రికాబుల స్వారీని ఉత్తరాఫ్రికావాళ్ళ దగ్గర నేర్చుకోలేదా అంటారు. అదీ నిజమే. అప్పు చెయ్యని విద్య లోకంలో లేదు. నోటు చించేసి సొంత ఆస్తి అనడంతోనే నా పేచీ.

ఇక రేసుల దగ్గరికొస్తే ఆ చించడం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. మలక్‌పేట రేసుకోర్సులో రైలింగ్ పక్కన నిలబడి చూడండి. జాకీ జీను మీద కూర్చోడు. రికాబులు పొట్టిగా బిగించి, మోకాళ్ళు మడిచి, గుర్రం మెడ మీదికి వాలి ఉంటాడు. కింద గుర్రం ఎగిరెగిరి పడుతున్నా అతని వీపు మాత్రం నిండుకుండ మోస్తున్నట్టు నిలకడగా సాగిపోతుంది. ఇందులో కిటుకేంటో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2009లో 'సైన్స్' పత్రికలో లెక్కగట్టారు. గుర్రం జాకీ బరువు మోయక తప్పదు. కానీ ప్రతి అంగకూ ఆ బరువును ముందుకూ వెనక్కూ ఊపే చాకిరీ తప్పుతుంది. ఆ చాకిరీని జాకీ కాళ్ళు భరిస్తాయి. 1900 ప్రాంతంలో ఈ పద్ధతి పాకాక పెద్ద రేసుల టైములు 5 నుంచి 7 శాతం మెరుగయ్యాయి.

దీన్ని ఇంగ్లండుకు పట్టుకెళ్ళిన ఘనత 1897లో అక్కడ దిగిన టాడ్ స్లోన్ అనే తెల్ల జాకీకి రాసేశారు. మొదట అతన్నీ వెక్కిరించారనుకోండి. కానీ రెండేళ్ళ ముందే, 1895లో, విల్లీ సిమ్స్ అనే నల్ల జాకీ పొట్టి రికాబులతో అక్కడ గుర్రాలు నడిపాడు. అతనెవరో ఇప్పుడు ఎంతమందికి తెలుసు? 1875లో అమెరికాలో పేరుమోసిన గుర్రప్పందెం కెంటకీ డెర్బీ మొదటిసారి జరిగినప్పుడు 15 మంది జాకీలుంటే 13 మంది నల్లవాళ్ళు. గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా నల్లవాడే. బానిసత్వం కాలంలో లాయాల్లో పుట్టి పెరిగిన విద్య అది. రేసుల్లో డబ్బు పెరిగాక వాళ్ళను బయటికి నెట్టేశారు. 1902 తర్వాత ఆ డెర్బీని ఒక్క నల్ల జాకీ గెలవలేదు.

నన్నడిగితే ఇదంతా ఎత్తు గురించిన గొడవ. గుర్రమెక్కినవాడు నిలబడ్డవాడిని పైనుంచి చూస్తాడు, అక్కడే వస్తుంది మంట. 2018లో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుడు హత్యకు గురైతే, గుర్రం కొనుక్కుని ఎక్కి తిరిగినందుకే చంపారని ఇంట్లోవాళ్ళు చెప్పారు. రాజస్థాన్‌లో దళిత పెళ్ళికొడుకు గుర్రమెక్కాలంటే పోలీసు కాపలా పెట్టిన రోజులున్నాయి. పేడ ఎత్తడానికి, దాణా పెట్టడానికి అడ్డురాని కులం రికాబులో కాలు పెట్టేసరికి గుర్తొస్తుంది. రౌతు కొద్దీ గుర్రం అంటాం కదా, ఆ రౌతు ఎవరి పిల్లాడో ముందు చూస్తాం.

1901, 1902 డెర్బీలు గెలిచిన నల్ల జాకీ జిమ్మీ వింక్‌ఫీల్డ్ అమెరికాలో పని దొరక్క రష్యా వెళ్ళాడు. విప్లవం వచ్చాక 1919లో ఒడెస్సా నుంచి రెండొందలకు పైగా గుర్రాలను తోలుకుంటూ పోలండ్ చేరినవాళ్ళలో అతనొకడు. తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడ్డాడు. 1961లో డెర్బీ విందుకు రమ్మని సొంత రాష్ట్రం కెంటకీ నుంచి ఆహ్వానం వచ్చింది. అప్పటికి దాదాపు ఎనభై ఏళ్ళ ముసలివాడు. కూతురితో కలిసి అక్కడి లూయివిల్ నగరంలో హోటల్‌కు వెళితే, నల్లవాళ్ళు ముందు గుమ్మంలోంచి రాకూడదని ఆపేశారు. మమ్మల్ని పిలిచారని చెప్పి చెప్పి, చాలాసేపు నిలబడ్డాక గానీ లోపలికి పోనివ్వలేదు.